వెయ్ అంటే ఏది వెయ్యాలి?

మా బావమరిది తొందర నాకు చేసినంత నష్టం పగవాడు కూడా చెయ్యలేదు. తొందర అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వాడి జబ్బు చూసి మేం పెట్టింది. నడవాల్సిన చోట పరిగెడతాడు. అన్నం నోట్లో పెట్టుకున్నాక ఊదుకుంటాడు. వాణ్ణి సబ్బుల ఫ్యాక్టరీలో పనికి పెట్టించింది నేనే. మా ఆవిడ పోరు పడలేక పెట్టించాను. "నా తమ్ముడు మీ కళ్ళ ముందుంటే నాకు నిశ్చింతండీ" అంది. ఆవిడ నిశ్చింత కోసం నా చింత పెంచుకున్నాను.

మా హాలు మధ్యలో గంగాళం ఉంటుంది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. అది మనిషి నిలబడితే తల కూడా పైకి కనపడనంత లోతైన ఉక్కు తొట్టి. అడుగున రెండు వంకర రెక్కలుంటాయి, అవి తిరుగుతూ సబ్బు ముద్దను పిసుకుతాయి. ఎర్ర సబ్బు తీశాక తెల్ల సబ్బు మొదలుపెట్టాలంటే ఒక మనిషి లోపలికి దిగి, రెక్కలకు అంటుకున్నదంతా గీకాలి. రెక్కల స్విచ్చూ, గంగాళంలో లైటు స్విచ్చూ ఉన్న బోర్డేమో లావుపాటి స్తంభానికి ఇవతల, గోడకుంటుంది. బోర్డు దగ్గరున్నవాడికి గంగాళం కనపడదు. అలా ఎందుకు కట్టారో కట్టిన మహానుభావుణ్ణే అడగాలి. మాకున్న ఆధారం నోరొక్కటే. అవతలివాడు అరవాలి, ఇవతలివాడు చెయ్యాలి.

కిందటేడు గడియారం అందులోనే పోయాడు. ఏనాడూ పనికి ఆలస్యంగా రాలేదని వాడికా పేరు. బోర్డు దగ్గరున్నవాడు పరిగెత్తుకొచ్చి గంగాళం పక్కన నేలమీద కూలబడి, "వాడే వెయ్యమన్నాడు సార్" అన్న ఒక్క మాటే పట్టుకుని ఏడ్చాడు. లోపలుండి రెక్కలు తిప్పమని ఏ పిచ్చివాడు చెబుతాడని అందరం వాణ్ణి తిట్టిపోశాం. వాణ్ణి పనిలోంచి తీసేశారు. గడియారం చొక్కా చాలా రోజులు కొక్కేనికే వేలాడింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆ తరవాత కంపెనీవాళ్ళు మాకు పాఠాలు చెప్పడానికి ఒకావిడను పిలిపించారు. మెడలో ఈల ఉంటుంది కాబట్టి ఆవిడకు మేం ఈలమ్మ అని పేరు పెట్టాం. వయసులో నా కూతురంత ఉంటుంది. గొంతు మాత్రం హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు తగిలి వెనక్కొస్తుంది. మొదటిరోజే మనిషికో తాళం, తాళంచెవీ ఇచ్చింది. నాది ఎరుపు, తొందరది ఆకుపచ్చ. గంగాళం దగ్గర పని చెయ్యాలంటే ముందు స్విచ్చు ఆపాలి, దాని పిడికి ఎవరి తాళం వాళ్ళు వెయ్యాలి, చెవి మెడలో వేసుకోవాలి. ఆ తాళం ఉన్నంతసేపు ఓనరు దిగివచ్చినా ఆ స్విచ్చును కదిలించలేడు.

"మీ ప్రాణానికి తాళం మీరే వేసుకోవాలి. మీ బదులు అన్న వెయ్యకూడదు, బావ వెయ్యకూడదు" అంది ఈలమ్మ.

"మా బావ వెయ్యడులెండి మేడమ్. నేను పోతే ఇంట్లో ఓ కంచం తగ్గుతుందని చూస్తున్నాడు" అన్నాడు తొందర. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

నేర్చుకోవడానికి ఒక బొమ్మను కూడా తయారుచేసింది. గోనెసంచుల్లో సబ్బు పొట్టు కుక్కి, చొక్కా, లాగూ, బూట్లు తొడిగింది. పని చెయ్యడు, పిలిస్తే పలకడు, ఎక్కడికెళ్ళినా నలుగురు మొయ్యాలి కాబట్టి దానికి మేం అల్లుడుగారు అని పేరు పెట్టాం. అల్లుడుగార్ని తాడుకు కట్టి గంగాళంలోకి దించడం, పొడుగాటి కర్రతో రెక్కలు గీకడం, అల్లుడుగార్ని పైకి లాగడం, తాళాలు తియ్యడం, చివరికి ఖాళీ యంత్రాన్ని నడపడం, ఇదీ మా పాఠం. చెబితే నమ్మరు గానీ, అంత సరదా మా హాల్లో నేనెన్నడూ చూడలేదు. టీ తాగేటప్పుడు కూడా తాళాల గొడవే. నాది గట్టిగా పట్టిందంటే నాది గట్టిగా పట్టిందని పోట్లాట.

దానికితోడు పోటీ పెట్టారు. పగటి రెండు షిఫ్టులకూ పోటీ. గెలిచిన షిఫ్టులో బోర్డు దగ్గర నిలబడ్డవాణ్ణి భద్రతా మేస్త్రిగా వేస్తారు. అది కొత్త ఉద్యోగం. రిటైరయ్యేదాకా ఉంటుంది, జీతం మీద నెలనెలా అదనంగా కొంత ఇస్తారు. మా షిఫ్టులో బోర్డు నాది.

మేస్త్రి కుర్చీ అంతకుముందు మూడుసార్లు నా దాకా వచ్చి తప్పిపోయింది. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి మేస్త్రి పని ఎలా ఇస్తామన్నారు. నాకన్నా వెనక చేరి, నా దగ్గరే పని నేర్చుకున్నవాడు ఇప్పుడు మా మేస్త్రి. ఈ పోటీలో చదువు అడగలేదు. ఆ కాగితం గోడకు అంటించిన రోజున, ఇన్నేళ్ళకు దేవుడికి నా అడ్రసు దొరికిందనుకున్నాను. పోటీ రోజు పొద్దున మా ఆవిడ నా చొక్కాకు రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఈలమ్మ హాలు మధ్య నిలబడి షరతులు చెప్పింది. "చివర్న యంత్రం నడిపి చూపించాలి కాబట్టి ఇవాళ బోర్డుకు కరెంటు ఉంటుంది. అందుకని మనిషి గంగాళంలో కాలు పెట్టకూడదు. పెడితే ఆ షిఫ్టు పోటీలోంచి ఔట్. నేను కూడా తప్పించలేను."

"తప్పులు సమానంగా ఉంటే టైము చూస్తాం" అన్నాడు మా మేస్త్రి, వాచీ తడుముకుంటూ.

"ప్రాణాల పనిలో వాచీ ఎందుకండీ?" అంది ఆవిడ.

"ఫ్యాక్టరీ అన్నాక వాచీ ఉండాలి మేడమ్" అన్నాడు మేనేజరు. ఆయన మాటే నెగ్గింది.

మొదట అవతలి షిఫ్టు దిగింది. వాళ్ళ బోర్డు మనిషి మీసాలు. మనిషికన్నా ముందు మీసాలు గుమ్మంలోకొస్తాయి. ఒక్క తప్పు చెయ్యలేదు దొంగ సచ్చినోడు! వాళ్ళవాళ్ళు రేకులు మోగించి, డబ్బాలు కొట్టి చెవులు చిల్లులు పొడిచారు. ఇక మేం గెలవాలంటే తప్పు లేకుండా చెయ్యాలి, వాళ్ళకన్నా ముందు ముగించాలి.

"బావా, నువ్వు నిలబడు చాలు. మిగతాది నాకొదిలెయ్" అన్నాడు తొందర, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

"నువ్వు నాకొదిలెయ్ అన్నప్పుడల్లా నాకేదో నష్టం వస్తుందిరా."

"నిన్ను మేస్త్రి కుర్చీలో కూచోబెట్టి, ఇవాళ మా అక్క చేత శభాష్ అనిపించుకుంటా చూడు."

ఈల మోగింది. స్విచ్చు కిందికి లాగాను. నా ఎర్రతాళం టక్కుమంది. తొందర స్తంభం చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చి ఆకుపచ్చది వేశాడు, మళ్ళీ పరిగెత్తాడు. ఈలమ్మ నా పక్కనే నిలబడి రెండు తాళాలనూ గుంజి చూసి తలూపింది. నేను పిడి పట్టుకుని పైకి తోశాను. కదల్లేదు. అదీ పాఠమే, తాళం పట్టిందో లేదో తోసి చూడాలి. స్తంభం అవతల అల్లుడుగార్ని దించుతున్న చప్పుడు, ఆ తరవాత కర్రతో బరబరా గీకుతున్న చప్పుడు వినిపించాయి. మావాళ్ళు ఇవతల, బోర్డున్న గోడ పక్కన గీత వెనక నిలబడి గంతులు వేస్తున్నారు. ప్యాకింగు సెక్షను పెద్దమ్మ తన వయసు మరిచిపోయి ఖాళీ డబ్బా మీద దరువు మొదలుపెట్టింది.

తొందర మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"గీకడం అయిపోయింది, తాడు లాగేశా" అంటూ తన తాళం తీసి నా చేతిలో పడేశాడు.

"అల్లుడు బైటికొచ్చాడా?" అన్నాను.

"వచ్చేశాడు బావా! ఇక నీదే!" అని మళ్ళీ స్తంభం వెనక్కి మాయమయ్యాడు.

ఈలమ్మ తలూపింది. నా ఎర్రతాళం తీశాను. చెయ్యి పిడి మీద పెట్టి, వాడి కేక కోసం చూస్తున్నాను. వాడు 'వెయ్' అనాలి, నేను స్విచ్చు వెయ్యాలి, పోటీ అయిపోవాలి. మీసాలు ముఖం మాడిపోయి ఉంది. మేం ముందున్నామని ఆ ముఖంలోనే తెలుస్తోంది.

"బావా, వెయ్!"

మావాళ్ళంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. "వెయ్! వెయ్! వెయ్!"

ఈలమ్మ వైపు చూశాను. వెయ్యమన్నట్టు తలూపింది. చేతి కండ బిగిసింది. పిడి కాస్త కదిలింది కూడా.

వాడి గొంతు ఎక్కడో తేడాగా ఉంది. బిందెలో మూతి పెట్టి మాట్లాడితే వినిపించినట్టుంది. గంగాళం అంచు దగ్గర నిలబడ్డవాడి గొంతు అలా ఉండదు.

"ఏది వెయ్యాలిరా?" అని అరిచాను.

"అదే బావా! వెయ్యి త్వరగా!"

"ఏదిరా?"

"వెయ్యమంటే వెయ్యవేం!"

వెనక నుంచి మావాళ్ళు బూతులు మొదలుపెట్టారు. "ఏంటన్నా నీ పంచాయితీ, వెయ్!" అని ఒకడు. "కుర్చీ పోతోంది, వెయ్!" అని ఇంకొకడు. నేను పిడి పూర్తిగా కిందికి లాగి, నా ఎర్రతాళం మళ్ళీ టక్కున నొక్కి, చెవి గుప్పిట్లో పట్టుకుని స్తంభం చుట్టూ పరిగెత్తాను. నా జన్మలో నేనంత జోరుగా పరిగెత్తింది లేదు.

మేస్త్రి అక్కడే, గంగాళానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కళ్ళు మాత్రం వాచీలో ఉన్నాయి. నిచ్చెనెక్కి లోపలికి తొంగిచూశాను.

రెండు రెక్కల మధ్య తొందర నిలబడి ఉన్నాడు.

అల్లుడుగారు పైకొచ్చినా, ఆయన బూటు ఒకటి జారి రెక్క సందులో ఇరుక్కుంది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని పీకుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"వేశావా బావా?"

"ఏది?"

"నా తాళం! బూటు ఇరుక్కుపోయింది, లోపలికి దిగా. అందుకే మళ్ళీ వెయ్యమన్నా. నీ చేతిలోనే ఉందిగా."

గుప్పిట విప్పి చూశాను, నా తాళంచెవి పక్కనే వాడి ఆకుపచ్చ తాళం ఉంది.

వాడు గొంతు తగ్గించాడు. "ఎవరూ చూళ్ళేదు బావా. మేస్త్రి వాచీ చూస్తున్నాడు. బూటు ఊడొచ్చింది, ఇదిగో పైకొస్తున్నా. నువ్వెళ్ళి నడిపెయ్. ఇంకా మనమే ముందున్నాం."

నిజమే, ఇంకా ముందున్నాం. ఈలమ్మ స్తంభం అవతలే ఉంది. వాడు దూకడం చూసిన కన్ను ఒక్కటీ లేదు. నేను వెనక్కెళ్ళి, తాళం తీసి, స్విచ్చు వేస్తే చాలు, ఆరో తరగతి వాడు మేస్త్రి అయిపోతాడు. మీసాలు నాకు నమస్కారం పెడతాడు. మా మేస్త్రి నా పక్కన కుర్చీ వేసుకుని కూచోవాల్సి వస్తుంది. ఇదంతా నా కళ్ళ ముందు గిర్రున తిరిగింది.

నా నోరు మాత్రం నా మాట వినలేదు. ఇప్పటికీ దాన్నే తిట్టుకుంటాను.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచింది. "మనిషున్నాడు లోపల! మనిషున్నాడు!"

దరువు ఆగిపోయింది. ఈలమ్మ పరిగెత్తుకొచ్చి నిచ్చెన రెండో పక్క ఎక్కింది. లోపలికి చూసి, నోట్లో ఈల ఉందన్న సంగతి కూడా మరిచిపోయి ఊపిరి వదిలింది. ఈల సన్నగా కూసింది.

తొందర బైటికొచ్చాడు. గీత వెనకున్నవాళ్ళంతా గంగాళం చుట్టూ మూగారు. ఈలమ్మ నన్ను అడిగింది, "మీకేం వినిపించింది?"

"స్విచ్చు వెయ్యమన్నాడని."

"నువ్వేమన్నావు?" అని వాణ్ణి అడిగింది.

"తాళం వెయ్యమన్నా మేడమ్. వెయ్ అంటే తాళమే కదా!"

వాడి ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. ముందు నన్ను చూశాడు, తరవాత రెక్కల్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "బావా..." అన్నాడు. నా చేతిలో ఉన్న తన ఆకుపచ్చ తాళం తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా తప్పు కూడా ఉంది" అంది ఈలమ్మ. "తాళం వెయ్యండి అన్నదీ నేనే, స్విచ్చు వెయ్యండి అన్నదీ నేనే. ఇందాక నేనూ తలూపాను." ఆవిడ చుట్టూ చూసింది. "ఒక్కొక్కరే చెప్పండి. ఇందాక వెయ్ అని వినగానే ఏమనుకున్నారు?"

"స్విచ్చు." "స్విచ్చే." "నేను తాళమనుకున్నా." "వెయ్యి అంటే నాకు నోటు గుర్తొచ్చిందమ్మా" అని ఒకడు అనేసరికి ఫక్కున నవ్వులు.

ఆ నవ్వుల మధ్య పెద్దమ్మ ఖాళీ డబ్బా కింద పెట్టింది. "లోపల చీకటిగా ఉంటుందిగా" అంది నెమ్మదిగా. "గడియారం లైటు వెయ్యమన్నాడేమో."

ఆ బోర్డు మనిషి నేలమీద కూలబడి ఏడ్చిన చోటే మేమంతా నిలబడి ఉన్నాం. "వాడే వెయ్యమన్నాడు సార్." అబద్ధం ఆడలేదన్నమాట. మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో కనుక్కోమని గుమాస్తాకు చెప్పాడు.

ఇక చూడండి గొడవ! రెండు షిఫ్టులూ కలిసిపోయి ఒకటే అరుపులు. వెయ్ అన్న మాటను హాల్లోంచి గెంటెయ్యాలి, దాని బదులు ఏం పెట్టాలి? తాళానికి నొక్కు అందామన్నాడు ఒకడు. "స్విచ్చు కూడా నొక్కుతాం కదరా తింగరోడా" అని ఇంకొకడు. కట్టు అందామంటే, మీసాలు వాళ్ళ ఇంట్లో కట్టు అంటే ఆపమని అట. నేను గొంతు చించుకుని అరిచాను, "తాళానికి బిగించు అందాం! యంత్రానికి నడుపు! లైటుకి వెలిగించు! ఒకదానికొకటి పోలిక లేదు, చెవుడున్నవాడికి కూడా తేడా తెలుస్తుంది!"

"బిగించు!" అని సగం హాలు. "నడుపు!" అని మిగతా సగం. ఈలమ్మ ఈలతో తాళం వేసింది. ఆవిడ మాకు ఇంకొకటి కూడా చెప్పింది. బోర్డు దగ్గరివాడు అవతలి మనిషిని కళ్ళారా చూడకుండా, ఆ మనిషి తన తాళాన్ని తన చేత్తో తియ్యకుండా, ఎవరేమని అరిచినా పిడి కదపకూడదంది. స్తంభానికి ఎదురుగా పెద్ద అద్దం బిగిస్తామని మేనేజరు అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"ఇక నుంచి వెయ్ అన్నవాడు అందరికీ టీ పోయించాలి" అన్నాడు మీసాలు.

"బాగుంది" అన్నాడు మా మేస్త్రి. "ఆ ముక్క బోర్డు మీద రాసి వెయ్యండి."

హాలు పైకప్పు లేచిపోయింది. మా మేస్త్రి టీ పోయిస్తుండగా చూడటం అదే మొదటిసారి.

టీలు తాగాక ఈలమ్మ నా దగ్గరికొచ్చింది. "పోటీ సంగతి..." అంటూ ఆగింది.

"మనిషి దిగాడు మేడమ్. ఔట్" అన్నాను. నేనే అన్నాను, ఆవిడ చేత అనిపించడం ఎందుకని. లోపల మాత్రం, ఆవిడ ఒక్కసారి కాదంటుందేమోనని చిన్న ఆశ.

ఆవిడ కాదనలేదు. "మీకోసం రూలు తప్పిస్తే రేపు ఇంకొకడు దూకుతాడు" అంది. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. ఊపితే ఏమొస్తుంది? భద్రతా మేస్త్రి కాగితం మీద మీసాలు సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళాక తొందరే చెప్పాడు మా ఆవిడకు, ఒక్క ముక్క దాచకుండా. ఆవిడ వింటూ వింటూ గరిటె తీసుకుని వాడి వీపు మీద రెండు ఇచ్చింది. తరవాత వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. తరవాత మళ్ళీ ఒకటి ఇచ్చింది.

"అక్కా, చాలే, సచ్చిపోతా" అన్నాడు వాడు.

"సచ్చేవాడివేగా! ఆయన ఏదిరా అని అడక్కపోతే?" అని నా వైపు తిరిగింది. "మీరేంటండీ అలా కూచున్నారు? చెయ్యి చూపించండి, ఆ చెయ్యి."

చూపించాను. ఆవిడ దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో నా చేతికి అలాంటి మర్యాద దక్కలేదు. అన్నం పెట్టింది. తొందర నా పక్కనే కూచుని, వాడి జన్మలో మొదటిసారి, ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఊదుకున్నాడు. చూసి నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే, కంచంలో వేలితో లెక్క వేసుకున్నాను.

భద్రతా మేస్త్రికి పెరిగే జీతం నెలకు ఏడు వందల యాభై. నాకు ఇంకా పదకొండేళ్ళ నౌకరీ ఉంది. మొత్తం నాకు పోయింది తొంభై తొమ్మిది వేలు.